బాబాయి చెరువు స్టార్టరూ, సర్వర్ గది తాళాలూ

(భీమవరంలో ఒక ఆదివారం పొద్దున్న, చుట్టుపక్కల ఊళ్ళ నెట్‌వర్క్, సర్వర్ పనివాళ్ళూ ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం కుర్రాళ్ళూ కూర్చున్న హాల్లో మాట్లాడింది. రికార్డింగులోంచి దించాం. మైకు కీచుమన్న చోట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం అండి. వెనకాల వినపడుతోందా? ఆయ్, సరే.

నన్ను డేటా సెంటర్ సామాన్లని దూరం నుంచి ఎలా చూసుకుంటారో మాట్లాడమన్నారు, నేనేమో మా బాబాయి రొయ్యల చెరువు దగ్గర్నుంచి మొదలెడతాను, ఏమనుకోకండి. డేటా సెంటర్ లోపలికి వెళ్ళొచ్చినవాళ్ళు ఎంతమందో చేతులెత్తండి... నలుగురు. చెరువు గట్టు మీద రాత్రి కాపలా పడుకున్నవాళ్ళు? చూశారా. (నవ్వులు) అందుకే.

బాబాయిది ఆకివీడు అవతల ఆరెకరాల చెరువు. మీకు తెలిసిందే, పగలు నీళ్ళలో పాచి ఎండకి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే అదే ఆక్సిజన్ తాగేస్తుంది, తెల్లారగట్ల మూడూ నాలుగింటికి మరీ అడుక్కి పడిపోద్ది, ఆ టైములో నీళ్ళని చిలికి గాలి కలిపే ఏరియేటర్లు తిరక్కపోతే పొద్దున్నకి రొయ్య పైకి తేలిపోద్ది. కరెంటు పోయి వచ్చిందనుకోండి, మోటారు దానంతట అది ఎత్తుకోదు, ఎవరో వెళ్ళి స్టార్టర్ నొక్కాలి. అందుకని అందరూ ఇప్పుడు మొబైల్ స్టార్టర్ పెట్టించేసుకున్నారు కదండీ, లోపల ఒక సిమ్ము ఉంటది, కాల్ చేస్తే ఆన్, మళ్ళీ చేస్తే ఆఫ్. బాబాయి మంచం మీంచి లేవకుండా చెరువు నడుపుతున్నాడు.

నేను చెప్పే సబ్జెక్టు మొత్తం ఆ పెట్టెలో ఉందండి. ఒకటి, మోటారు కరెంటు ఒక దారి, ఆ మోటారుని లేపే మాట ఇంకో దారి, సిమ్ములోంచి వస్తుంది. రెండు, ఆ పెట్టె ఎవరి మాట వింటుంది? మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు ఊరికే చూద్దామని ఆ పెట్టెలో రిజిస్టర్ అయిన నంబర్ల లిస్టు తీయించా. బాబాయిది, హైదరాబాదులో ఉన్న మా తమ్ముడిది, కాపలా అతనిది, ఇంకోటి పెట్టె బిగించిన మెకానిక్‌ది. ఆ మెకానిక్ పని మానేసి రెండేళ్ళయింది. పాస్‌వర్డు కంపెనీ నుంచి వచ్చిన 1234 అలాగే ఉంది. "ఇంతకాలం ఏం కాలేదుగా" అన్నాడు బాబాయి. ఈ మాట నేను పెద్ద పెద్ద కంపెనీల మీటింగుల్లో, టై కట్టుకున్నవాళ్ళ నోట, అచ్చం ఇలాగే విన్నానండి.

సరే, ఇప్పుడు సర్వర్ గదిలోకి వెళ్దాం. లోపల చలి, ఫ్యాన్ల హోరు, వరసగా ర్యాకులు, ఒక్కోటి మామూలుగా 42 యూ ఎత్తు (యూ అంటే ర్యాకు ఎత్తు కొలిచే కొలత), అందులో సర్వర్లు, స్విచ్చులు, స్టోరేజీ. మనుషులు ఉండరు, ఉండకూడదు కూడా. అందుకని ప్రతి సర్వర్ మదర్‌బోర్డు మీదా ఇంకో బుల్లి కంప్యూటర్ ఉంటది, దాన్ని బీఎంసీ అంటారు, హెచ్‌పీ వాళ్ళు ఐఎల్‌ఓ అంటారు, డెల్ వాళ్ళు ఐడ్రాక్ అంటారు, పేరేదైనా జాతి ఒకటే. దానికి దాని ప్రాసెసర్, దాని మెమరీ, ఎక్కువ వాటికి వెనకాల దానికే సొంత నెట్‌వర్క్ పోర్టు. సర్వర్ ఆపేసున్నా ప్లగ్గులో కరెంటుంటే చాలు, ఇది మేలుకునే ఉంటది. మీరు ఇంట్లో కూర్చుని సర్వర్ ఆన్ చెయ్యొచ్చు, అది లేచేటప్పుడు మొదట వచ్చే బయోస్ స్క్రీన్ చూడొచ్చు, మీ ల్యాప్‌టాప్‌లో ఉన్న ఐఎస్ఓ ఫైలుని అక్కడ సీడీ పెట్టినట్టు పెట్టి విండోసో లినక్సో కొత్తగా ఎక్కించొచ్చు.

బావుంది కదా? ఇప్పుడు ఇదే సదుపాయం దొంగ చేతికెళ్తే ఏంటో చూడండి. ఈ బుల్లి కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్ కింద కూర్చుని ఉంటది, పైన మీరు పెట్టుకున్న యాంటీవైరస్‌కి అది కనపడనే కనపడదు. డిస్కు తుడిచేసి మళ్ళీ ఎక్కించినా అది అక్కడే ఉంటది.

స్విచ్చులు, రూటర్ల సంగతి వేరు. వాటికి తీగ గుచ్చి నేరుగా మాట్లాడే కన్సోల్ పోర్టు ఉంటది. ఆ లేత నీలం రంగు చదును కేబుల్ చూసుంటారు, ఒక పక్క నెట్ కేబుల్‌కి ఉండేలాంటి ఆర్‌జే45 కొస, రెండో పక్క తొమ్మిది పిన్నులు, చాలావాటికి స్పీడు ఇప్పటికీ సెకనుకి 9600 బిట్లే. మీ ఫోనులో ఫైవ్‌జీ వచ్చినా ఇది మాత్రం మారలేదు, నాకు ఇదంటే మహా ఇష్టం, నెట్‌వర్క్ మొత్తం చచ్చిపోయినా మాట్లాడే తీగ ఇది ఒక్కటే.

ఆ తీగ విలువ నాకెలా తెలిసిందో చెప్తా, సిగ్గు విడిచి చెప్తా.

అప్పట్లో ఒక కంపెనీకి పనిచేసేవాడిని, పేరొద్దు, సామాన్లన్నీ హైదరాబాదులో అద్దె డేటా సెంటర్లో, నేను రావులపాలెం దగ్గర మా ఇంట్లో. రాత్రి పదకొండున్నరకి చిన్న పని, ఒక స్విచ్ అప్‌లింకులో, అంటే దాన్ని మిగతా నెట్‌వర్క్‌కి కలిపే తీగలో, వీలాన్ 40 అనే విడి నెట్‌వర్క్‌ని చేర్చాలి. కమాండు మీలో నెట్‌వర్క్ వాళ్ళకి తెలుసు, స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీలాన్, తర్వాత "యాడ్" అని కొట్టి నలభై కొట్టాలి. నేను ఆ "యాడ్" మర్చిపోయా. (ముందు వరసలో నవ్వులు) ఆ, మీకు అర్థమైంది. మిగతావాళ్ళకి చెప్తా, "యాడ్" లేకపోతే ఉన్నవాటికి ఇది కలపమని కాదు, ఇది ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసెయ్యమని అర్థం. నేను కూర్చున్న కొమ్మ కూడా అందులోనే ఉంది. ఎంటర్ కొట్టా. కర్సర్ ఆగిపోయింది. ఇంకో నాలుగుసార్లు కొట్టా, ఏదో చలనం వస్తదేమోనని. ఏమీ రాలేదు, రెండు నిమిషాల్లో ఫోన్ మోగింది.

ఇందులో చిత్రం ఏంటంటే నేను ఆ మార్పుని సేవ్ చెయ్యలేదు. అంటే స్విచ్ ఒక్కసారి ఆపి వేస్తే పాత సెట్టింగుతో లేచొస్తది. రాత్రి షిఫ్టు కుర్రాడికి ఫోన్ చేసి "బాబూ, ఆ ర్యాకులో పైనుంచి మూడోది, పవర్ తీసి పెట్టు" అన్నాను. అతను వెనక్కెళ్ళాడు, వెనకాల ప్లగ్గులన్నీ నిలువు పట్టీలో ఉంటాయి, దేనికీ లేబుల్ లేదు, పైనుంచి మూడో ప్లగ్గు పీకాడు. అది స్టోరేజీది. (నవ్వులు) అతని తప్పేం లేదండి, నేను పెట్టెలు లెక్కపెట్టమన్నాను, అతను ప్లగ్గులు లెక్కపెట్టాడు. స్టోరేజీకి రెండో పవర్ సప్లై ఉండబట్టి బతికాం. ఇంక ఆ కుర్రాడు భయపడిపోయి దేన్నీ ముట్టుకోనన్నాడు. నేను రావులపాలెం సెంటర్లో నిలబడి హైదరాబాదు పోయే ఏదో బస్సు పట్టుకుని, పొద్దున్నే ఎర్రటి కళ్ళతో వెళ్ళి, ఆ నీలం తీగ గుచ్చి, రెండే రెండు నిమిషాల్లో బాగుచేశా. ఒక రాత్రి బస్సు, రెండు నిమిషాల పని.

ఆ ర్యాకులో ఒక కన్సోల్ సర్వర్ ఉంటే, అంటే పదహారో ముప్ఫైరెండో కన్సోల్ తీగల్ని ఒక పెట్టెలోకి కలిపి నెట్ మీద ఇచ్చేది, లేదా దూరం నుంచి ఒక్కొక్క ప్లగ్గునీ ఆపి వేసే పీడీయూ ఉంటే, నేను మంచం దిగక్కర్లేదు. బాబాయి లాగ.

కాకపోతే ఆ కన్సోల్ సర్వర్‌ని కూడా అదే స్విచ్‌కి తగిలించి ఉంటే? అప్పుడు అదీ పోయేది. ఇక్కడే చాలామంది దెబ్బ తింటారు. 2021 అక్టోబర్ 4న రాత్రి తొమ్మిది దాటాక మనకి వాట్సాప్ ఆగిపోయింది గుర్తుందా, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ కలిపి ఆరు గంటలు పైనే. వాళ్ళ డేటా సెంటర్లని కలిపే నెట్‌వర్క్ కెపాసిటీ చూద్దామని ఒక కమాండు ఇస్తే అది మొత్తం లింకుల్నే దించేసింది, అలాంటి కమాండ్లని ఆపాల్సిన ప్రోగ్రాములో బగ్గు ఉంది, అది ఆపలేదు. వాళ్ళకి అత్యవసర దారి లేక కాదు, ఆ దారి కూడా పనిచెయ్యలేదని వాళ్ళే రాసుకున్నారు. చివరికి మనుషుల్ని డేటా సెంటర్లకి పంపారు, అక్కడ సెక్యూరిటీ దాటి లోపలికెళ్ళడానికే టైం పట్టింది. అంతటి వాళ్ళు! నాకు ఆ రాత్రి పాపం అనిపించింది కానీ, చెప్పొద్దూ, కొంచెం ధైర్యం కూడా వచ్చింది. (నవ్వులు)

మనం మన ప్రాంతం వాళ్ళం, ఇది మనకి ఇంకా బాగా అర్థం కావాలి. 1996 నవంబర్ 6 తుఫానప్పుడు నేను చిన్నోడిని. మా ఊళ్ళో కరెంటు స్తంభాలూ టెలిఫోన్ స్తంభాలూ ఒకే రోడ్డు పక్కన, ఒకే కొబ్బరి చెట్ల కింద. రెండూ ఒకే రాత్రి పడ్డాయి. ఇప్పుడు రెండు కంపెనీల ఫైబర్ తీసుకుని రెండు దారులున్నాయి అనుకుంటాం, వెళ్ళి చూస్తే రెండూ ఒకే కాలవ గట్టు మీద ఒకే గోతిలో పోతుంటాయి, వేసవిలో పూడిక తియ్యడానికి పొక్లెయిన్ దిగిందంటే రెండూ ఒకేసారి తెగుతాయి.

అందుకని కన్సోల్ సర్వర్లలో సిమ్ పెట్టే వీలుంటది. పెట్టండి, కానీ రెండు మాటలు గుర్తుంచుకోండి. ఒకటి, డేటా సెంటర్ లోపల కాంక్రీటు, ఇనుము, సిగ్నల్ రాదు, యాంటెన్నా బయటికి లాగాలి. రెండు, రీచార్జి. నవ్వకండి, ఒకచోట ఏడాదిన్నర నుంచి ఎమర్జెన్సీ సిమ్ము అని పెట్టుకున్నారు, అవసరమొచ్చిన రోజు చూస్తే వ్యాలిడిటీ అయిపోయింది. నెలకోసారి మెయిన్ లింకు ఉండగానే ఈ దారిలో లాగిన్ అయి చూడాలి, జనరేటర్‌ని వారానికోసారి తిప్పుతారు చూడండి, అలాగ.

దారి అయింది, ఇప్పుడు తాళాలు. నాకు అసలు కడుపుమంట ఇక్కడే.

ఒక మూడొందల పెట్టెలున్నాయనుకోండి. ప్రతిదానికీ సొంత లాగిన్ పేజీ, సొంత యూజర్, సొంత పాస్‌వర్డు. ఎవరికి గుర్తుంటాయి? కాబట్టి ఎక్సెల్ షీటు. దాని పేరు "పాస్‌వర్డ్స్ ఫైనల్", తర్వాత "ఫైనల్ న్యూ", తర్వాత "ఫైనల్ న్యూ 2". అందరి మెయిల్లోనూ ఉంటది, మానేసినవాడి మెయిల్లోనూ ఉంటది. డెల్ పాత సర్వర్లకి యూజర్ రూట్, పాస్‌వర్డు కాల్విన్ అని ఫ్యాక్టరీ నుంచే వచ్చేది, ఇది లోకమంతా తెలిసిన రహస్యం, అదే ఉంచేసినవి నేను కళ్ళారా చూశా. అందరూ "అడ్మిన్" అనే ఒక్క పేరుతో లోపలికెళ్తారు, రేపు ఏదైనా జరిగితే ఎవరు చేశారు? అడ్మిన్. ఎవరా అడ్మిన్? పదకొండు మంది.

ఇంక ఆ బీఎంసీలు ఎంత గట్టివో చూద్దాం. ఆ బీఎంసీలతో దూరం నుంచి మాట్లాడ్డానికి ఐపీఎంఐ అని ఒక ప్రొటోకాల్, అంటే మాట్లాడుకునే రూల్సు, ఉంది, రెండో వెర్షన్ 2004లో వచ్చింది. అందులో లాగిన్ తతంగం ఎలా రాశారంటే, మీరు సరైన యూజర్‌నేమ్ ఒకటి చెప్తే చాలు, మీరెవరో తేలకముందే ఆ పాస్‌వర్డు నుంచి చేసిన హాష్‌ని, అంటే దాన్ని గిలక్కొట్టి మార్చిన రూపాన్ని, మీకు పంపించేస్తది. దాన్ని ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా పగలగొట్టుకోవచ్చు. ఇది ఎవరో ప్రోగ్రామర్ చేసిన పొరపాటైతే ప్యాచ్, అంటే సరిచేసిన సాఫ్ట్‌వేర్ ముక్క, వేస్తాం, కానీ ఇది రూల్ పుస్తకంలోనే అలా ఉంది, రూల్ ప్రకారం చేసిన ప్రతి పెట్టే అలాగే చేస్తది. 2017లో హెచ్‌పీ ఐఎల్‌ఓ 4లో ఇంకో కన్నం బయటపడింది, వెబ్ రిక్వెస్టులో హెడర్ అనే ఒక గడిలో ఇంగ్లీషు 'ఏ' అక్షరం ఇరవై తొమ్మిది సార్లు కొడితే పాస్‌వర్డు లేకుండా లోపలికి. ఏ ఏ ఏ ఏ అని, ఇరవై తొమ్మిది. (నవ్వులు) మా రెండేళ్ళ పాప కీబోర్డు మీద కూర్చున్నా అయిపోద్ది. వాళ్ళు సరిచేసిన ఫర్మ్‌వేర్, అంటే ఆ పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్, ఇచ్చారు లెండి, వేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. 2025లో ఏఎంఐ వాళ్ళ మెగారాక్ అనే బీఎంసీ సాఫ్ట్‌వేర్లో లాగిన్‌నే దాటేసే లోపం వచ్చింది, దానికి తీవ్రత పదికి పది ఇచ్చారు.

కాబట్టి వీటిని ఇంటర్నెట్ ముఖం చూపించకూడదు, ఆఫీసు నెట్‌వర్క్‌కి కూడా చూపించకూడదు. విడిగా ఒక మేనేజ్‌మెంట్ నెట్‌వర్క్, దానికి ఒకే ఒక్క వాకిలి. దాన్ని జంప్ సర్వర్ అనండి, గేట్‌వే అనండి. ఎవరైనా ముందు అక్కడికి రావాలి, తన సొంత పేరుతో రావాలి, ఆఫీసు డైరెక్టరీలో ఉన్న పేరు, పైన ఫోనుకో టోకెనుకో వచ్చే రెండో తాళం. లోపల ఏ పెట్టె ఎవరికి కనపడాలో అక్కడే రాసి ఉంటది, స్టోరేజీ వాళ్ళకి స్టోరేజీ, నెట్‌వర్క్ వాళ్ళకి స్విచ్చులు. లోపలి పెట్టెల అసలు పాస్‌వర్డులు మనిషికి తెలియక్కర్లేదు, గేటే ఖజానాలోంచి తీసి కొట్టేస్తది, పనవ్వగానే మార్చేస్తది. బయట వెండర్ ఇంజినీర్ వస్తే రెండు గంటలకి తెరిచి మూసేస్తది. మనిషి మానేస్తే ఒక్కచోట తీసేస్తే మూడొందల పెట్టెల్లోంచీ పోతాడు. మెకానిక్ నంబరు గుర్తుందిగా.

స్విచ్చుల లాగిన్లన్నీ ఒకచోట తేల్చడానికి ట్యాకాక్స్ ప్లస్ పెట్టుకోండి, అలాంటిదే రేడియస్ కూడా ఉంది, కానీ ట్యాకాక్స్‌లో ఒక్కొక్క కమాండుకీ పర్మిషన్ అడిగేలా పెట్టొచ్చు, చూసే కమాండ్లు అందరికీ, మార్చేవి కొందరికే. నాలాంటి వాడు "యాడ్" లేకుండా కొడితే కుదరదు అనేలా కూడా రాసుకోవచ్చు, ఆ బస్సు ప్రయాణం తర్వాత నేను రాసుకున్న మొదటి రూలు అదే.

ఇంక లాగులు. నిక్కర్లు కాదండోయ్. (నవ్వులు) ఎవరు ఎప్పుడు వచ్చారు, ఏం కొట్టారు, స్క్రీన్ మీద ఏం కనపడింది, మొత్తం రికార్డు అవ్వాలి, అది కూడా ఆ అడ్మిన్లే చెరపలేని వేరే చోట. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్, అంటే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ, ఇచ్చిన ఆదేశాల్లో ఉంది, లాగులు 180 రోజులు దాచాలి, ఏదైనా జరిగిందని తెలిస్తే 6 గంటల్లో చెప్పాలి. గడియారాలు కలపడం గురించి కూడా అందులో ఉంది, చాలామంది ఆ ముక్క వదిలేస్తారు. ఒకసారి ఒక గొడవలో లాగులు తీస్తే ఒక పెట్టె 1970 జనవరి 1 అని చూపిస్తోంది, లోపల బ్యాటరీ చచ్చిపోయింది, ఇంకో పెట్టె ఐదున్నర గంటలు వెనక ఉంది, ఇండియా టైం పెట్టలేదు. ఎవడు ముందు, ఎవడు వెనక అని తేల్చుకోడానికి మాకు రెండు రోజులు పట్టింది, ఆరు గంటల్లో ఏం చెప్తాం?

ప్రశ్నలుంటే అడగండి.

(వెనక నుంచి ఒకరు: అన్నీ ఒకే వాకిట్లో పెడితే ఆ వాకిలే పోతే ఎలాగండి? దొంగ కూడా అదొక్కటి కొడితే చాలు కదా?)

మంచి ప్రశ్న అండి, ఇది అమ్మేవాళ్ళు చెప్పని ముక్క. నిజమే, అదే అన్నిటికన్నా పెద్ద బహుమతి అయిపోద్ది. ధవళేశ్వరం బ్యారేజీకి 175 గేట్లున్నాయి, ఎవడికి తోచినట్టు వాడు లేపుకుంటే కుదరదు కాబట్టి నిర్ణయం ఒకచోటే జరగాలి, కానీ ఆ ఒక్కచోట కూర్చున్నాయనకి జ్వరమొస్తే ఇంకొకాయన ఉండాలి. అలాగే గేట్‌వే రెండు ఉండాలి, వేరే వేరే ఊళ్ళలో. దానికి ప్యాచులు మిగతావాటికన్నా ముందు వెయ్యాలి. అదీ పోతే, ట్యాకాక్స్ సర్వర్ అందనప్పుడు మాత్రమే పనిచేసే లోకల్ అకౌంట్ ఒకటి ప్రతి పెట్టెలో, దాని పాస్‌వర్డు కాగితం మీద, సీలు వేసిన కవర్లో, బీరువాలో. ఆ అకౌంటుతో ఎవరైనా లాగిన్ అయితే అందరి ఫోన్లూ మోగాలి. కవర్ తెరిచారంటే మర్నాడు పాస్‌వర్డు మార్చాలి, మార్చరు, అదే బాధ.

(ముందు వరసలో ఒక కుర్రాడు: మాది చిన్న ఆఫీసండి, రెండు ర్యాకులే, ఇవన్నీ కొనడానికి డబ్బులివ్వరు.)

కొనక్కర్లేదు తమ్ముడూ. పక్కన పడేసిన పాత డెస్క్‌టాప్ తీసుకో, రెండో నెట్‌వర్క్ కార్డు పెట్టు, లినక్స్ ఎక్కించు. బీఎంసీలన్నీ ఒక వేరే వీలాన్‌లో పెట్టి ఆ పాత డెస్క్‌టాప్ తప్ప ఇంకెవరూ అందులోకి వెళ్ళకుండా చెయ్యి. బయట్నుంచి వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మీద రావాలి, దూరం నుంచి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్‌కి పాస్‌వర్డు బదులు కీ ఫైలు, పైన ఓటీపీ. కన్సోల్‌కి యూఎస్‌బీ సీరియల్ తీగలు నాలుగు కొని స్విచ్చులకి గుచ్చెయ్, అవి నీ కన్సోల్ సర్వర్. ఇంక ముఖ్యంగా ఒక లేబుల్ మిషను కొను, ఈ మొత్తంలో డబ్బులు పెట్టి కొనాల్సింది తీగలూ, అదీ. ప్రతి ప్లగ్గుకీ రెండు కొసలా అంటించు.

(ఒక ఆవిడ: మరి మీ బాబాయిగారి స్టార్టర్ సంగతి ఏం చేశారండి?)

ఆయ్, అడుగుతారనుకున్నా. పాస్‌వర్డు మార్చాను. మెకానిక్ నంబరు తీసేసేముందు, పోనీ ఒకమాట చెప్దామని అతనికి ఫోన్ చేశా. ఎవరో ఆవిడ ఎత్తింది, మంచిర్యాల నుంచి. ఆ నంబరు వాడక్కుండా ఆగిపోతే కంపెనీ వాళ్ళు ఆవిడకి ఇచ్చారంట, ఆర్నెల్లయిందంట. అంటే ఆర్నెల్ల నుంచి మా బాబాయి ఏరియేటర్లు ఆపగలిగే నలుగురిలో ఆవిడొకరు. "మీ చెరువులో రొయ్యలు కిలోకి ఎంత కౌంటు?" అని అడిగింది.